చైనా వెళ్ళొచ్చిన పేరు

నాకు మా తాత పేరు పెట్టారు. మా ఇళ్ళల్లో పెద్దకొడుకు పెద్దకొడుక్కి తాత పేరే పెడతారు కాబట్టి, నలభై అయిదేళ్ళపాటు ఆ పేరు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆలోచించే పని నాకు పడలేదు. మా నాన్నమ్మ మొగుడి పేరు నోటితో పలకదు, అందుకని నన్ను ‘బుల్లోడా’ అనేది. మా మేనత్త తండ్రి పేరు పెట్టి పిలవకూడదని ‘నాన్నా’ అనేది. ఇదంతా మర్యాద అనుకున్నాను. నేనుండే దోహాలో ఫుట్‌బాల్ ప్రపంచకప్ కోసం ఊరంతా జెండాలు కడుతున్న రోజుల్లో తెలిసింది, అందులో మర్యాద సగమేనని.

తాత అంటే నాకు చైనా. కుర్రతనంలో నేవీలో చేరి, పెద్ద యుద్ధం ముగియగానే హాంకాంగ్, అక్కణ్ణుంచి షాంఘై వెళ్ళొచ్చాడని విశాఖలో మా వీధి వీధంతా తెలుసు. ఆ సర్వీసు చూసే ఆయనకి రేవులో గుమస్తా ఉద్యోగం ఇచ్చారు. ముందుగదిలో ఆయన నేవీ డిశ్చార్జి సర్టిఫికెట్ అద్దం కట్టి ఉండేది. సాయంత్రాలు దానికింద పడక్కుర్చీ వేసుకుని ఆయన చైనా చెబుతూంటే మేము నేలమీద కూర్చుని వినేవాళ్ళం. చలికి ఓడ కమ్మీ పట్టుకుంటే అరచేతి తోలు దానికే అంటుకుపోయేదట. పిల్లల్ని వీపుకి కట్టుకున్న ఆడవాళ్ళు పడవలు తోసుకుంటూ ఓడచుట్టూ మూగేవారట. అక్కడి నది సముద్రంలో కలిశాక కూడా చాలా దూరం దాకా బురదరంగే కనిపించేదట. ఇంత తిరిగిన మనిషి రేవులో అవతలి ఒడ్డుకి తీసుకెళ్ళే పడవ మాత్రం ఎన్నడూ ఎక్కలేదు. ఎందుకు తాతా అంటే, సముద్రం మొహం మొత్తేసిందిరా అనేవాడు. నేను నమ్మాను. తాత చెబితే నమ్మకుండా ఎలా ఉంటాం?

ఏడాదికోసారి, వేసవిలో, మా ఇంటికి ఒక ముసలాయన వచ్చేవాడు. ఊరివాడు, తెలిసినవాడు అని చెప్పేవారు తప్ప ఎవరో చెప్పేవారు కాదు. విశాఖ ఉక్కలో కూడా మణికట్టు దాకా చొక్కా చేతులు గుండీలు పెట్టుకునేవాడు. వరండాలో గోడకానుకుని కూర్చునేవాడు. తాత ఆయన పక్కన కూర్చునేవాడు గాని మా ఎదుట మాట్లాడేవాడు కాదు, చైనా సంగతి అసలే ఎత్తేవాడు కాదు. ఆయన వెళ్ళిపోయిన వారానికి మాత్రం మాకు తాత దగ్గర ఒకటో రెండో కొత్త చైనా కథలు దొరికేవి.

ఆయన వచ్చినప్పుడల్లా నన్ను దగ్గరికి పిలిచి అడిగేది ఒకటే. “నీ పేరేటి బాబూ?”

నేను చెప్పేవాణ్ణి. ఆయన చెవి నా వైపు తిప్పి, “ఇంకోపాలి సెప్పు” అనేవాడు. మళ్ళీ చెప్పేవాణ్ణి. ప్రతి ఏడూ ఇదే. పోయినేడు చెప్పిన పేరు ఈ ఏటికి మరిచిపోయే ముసలాణ్ణి చూసి నాకు నవ్వొచ్చేది. ఒకసారి ఆయన నూతిగట్టు దగ్గర చేతులు కడుక్కుంటూ ఎడమచెయ్యి చొక్కా పైకి మడిచాడు. ముంజేతి మీద, మణికట్టు నుంచి మోచేతి దాకా, నీలంగా ఒక పచ్చబొట్టు. పామా తాతా అని అడిగాను. కాదు బాబూ, దీనికి కాళ్ళున్నాయి సూడు అని వేలితో నాలుగు కాళ్ళూ చూపించి, గబగబా చెయ్యి కప్పేసుకున్నాడు.

ఇవన్నీ నాకు దోహాలో గుర్తుకు రావలసిన పని లేదు. నేను ఇక్కడికొచ్చి పదకొండేళ్ళు. రోడ్లకింద వాననీటి పైపులు వేసే కంపెనీలో ఇంజినీరుని. ప్రపంచకప్ పేరు చెప్పి ఈ ఊరిని తవ్వినంతకాలం నేనూ తవ్వాను. అల్ అజీజియాలో ఉంటాం. నాన్న పోయాక తాత సర్టిఫికెట్ ఫ్రేము నేనే తెచ్చుకుని, ఇంట్లోకి రాగానే కనపడేలా హాల్లో తగిలించాను. వచ్చినవాళ్ళందరికీ అడగకపోయినా తాత చైనా చెప్పేవాణ్ణి. ఒక ఇంజినీరు తన తాత గురించి ఇంత డప్పు కొట్టుకోవాలా అని మా ఆవిడ విసుక్కునేది.

అల్ సద్‌లో మా ఆఫీసుకి, టోర్నమెంటుకి ఏడాది ముందు, ఒక స్కాట్లాండ్ పెద్దాయన వచ్చాడు. నేవీలో చేసి రిటైరైనవాడు. భోజనాల దగ్గర మాటల్లో తన తాత చైనా నదుల్లో తిరిగే యుద్ధపడవల మీద పనిచేశాడని చెప్పాడు. ఇంకేం, నేనూ మా తాతని తీశాను. ఇద్దరికీ దోస్తీ కుదిరింది. ఏ ఓడ, ఏ రేవులు, ఎన్నాళ్ళు అని ఆయన అడిగితే నేను ఫోన్లో ఉన్న సర్టిఫికెట్ ఫొటో చూపించాను. సర్టిఫికెట్‌లో పేరు, సర్వీసు నంబరు, చేరిన ఏడూ వదిలిన ఏడూ తప్ప ఏమీ లేవు. నంబరుంటే చాలు, పూర్తి రికార్డు తెప్పించుకోవచ్చు అన్నాడాయన. ఎవరికి రాయాలో, ఏం రాయాలో తనే దగ్గర కూర్చుని రాయించాడు. ఆ వారం మేనత్తకి ఫోన్లో ఈ సంగతి ఉత్సాహంగా చెప్పాను. ఎప్పుడూ గంట మాట్లాడే మనిషి, అవన్నీ ఇప్పుడెందుకు నాన్నా, పొయ్యి మీద కూరుందని పెట్టేసింది.

మన దేశంలో పాత నావికుల రికార్డులు చూసే ఆఫీసునుంచి ఏడు నెలలకి జవాబు వచ్చింది. రెండు పేజీల నకలు. ఓడ పేరు ఉంది. హాంకాంగ్ ఉంది, షాంఘై ఉంది. నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. డెక్కు మీద జెండాలతో సంకేతాలిచ్చే పని చేశానని తాత చెప్పేవాడు. ఇక్కడ బాయిలర్లో బొగ్గు వేసే పని అని ఉంది. పోనీలే, కాస్త గొప్పలు పోయాడనుకున్నాను. పుట్టిన సంవత్సరం తాత వయసుకి నాలుగేళ్ళు ముందుంది. అప్పట్లో వయసులు అలాగే రాసేవాళ్ళనుకున్నాను. గుర్తింపు చిహ్నాలు అన్నచోట చదివాక మాత్రం సర్దిచెప్పుకోవడానికి నాకేం మిగల్లేదు. ఎడమ ముంజేతి మీద చైనా డ్రాగన్ పచ్చబొట్టు.

మా తాత చేతులు నాకు తెలుసు. ప్రతి ఆదివారం వాటికి నూనె రాసింది నేనే. వాటిమీద టీకా మచ్చ తప్ప ఏమీ లేదు.

ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే ఫ్రేము దించాను. వెనక మేకులు పీకి కాగితం బయటికి తీశాను. కింది సగం వెనక్కి మడిచి ఉంది. ఇన్నేళ్ళూ మేం చూసింది పైసగమే. మడిచిన సగంలో ఎత్తు, ఛాతీ కొలత, ఎడమ బొటనవేలి ముద్ర, డ్రాగన్ పచ్చబొట్టు ఉన్నాయి. చూస్తూండగానే ఇంకో సంగతి గుర్తొచ్చింది. తాత పోయిన ఏడాది పాత అద్దం పగిలితే, దాన్ని కొత్తగా కట్టించడానికి నాన్న నన్ను సైకిలు మీద తీసుకెళ్ళాడు. కొట్టువాడు కాగితం పూర్తిగా పరుస్తానంటే, వద్దని చెప్పి, తనే తీసుకుని పాత మడత మీదే మళ్ళీ మడిచి ఇచ్చాడు. నేను పక్కనే నిలబడి చూశాను. అంటే నాన్నకి తెలుసు. తాత చేసింది నాకు అప్పుడింకా పూర్తిగా అర్థం కాలేదు గాని, నాన్న మీద మాత్రం అప్పుడే ఒళ్ళు మండిపోయింది. నావికుడి మనవడివిరా నువ్వు అని ఆయన నన్ను ప్రతి పరీక్షకీ, ప్రతి ఇంటర్వ్యూకీ, చివరికి ఖతర్ విమానానికీ సాగనంపాడు. ఆ మాటని నేను నిజంగా పట్టుకుని బతికాను.

మేనత్తకి ఫోన్ చేశాను. పచ్చబొట్టు సంగతి చెప్పాను. ఇన్నాళ్ళూ ఎవరో ఒకరు అడిగితే బాగుణ్ణని చూస్తున్నట్టు, ఆగకుండా చెప్పింది.

ఏడాదికోసారి వచ్చే ఆ ముసలాయన మా తాతకి సొంత అన్న. నాకు పెదతాత. నేవీలో చేరిందీ చైనా వెళ్ళిందీ ఆయనే. నేవీ వదిలి ఇంటికొచ్చాక ఒక్కచోట కాలు నిలవలేదట. కాగితాలన్నీ ట్రంకుపెట్టెలో వదిలేసి కలకత్తా వైపు వెళ్ళిపోయాడు. ఏడాది దాటినా కబురు లేదు. అప్పుడే రేవులో మనుషుల్ని తీసుకుంటున్నారు, సైన్యంలో చేసొచ్చినవాళ్ళకి ముందు పీట. తాతకి పని లేదు. పెట్టె తీశాడు, అన్న కాగితాలు పట్టుకెళ్ళి అన్న పేరు చెప్పి ఉద్యోగంలో చేరిపోయాడు. చేతుల మీద గుర్తులు ఎవరూ చూడలేదట. ఇల్లు ఆ పేటనుంచి ఈ పేటకి మార్చారు. కొత్త వీధిలో అందరికీ ఆయన అన్న పేరుతోనే తెలుసు. నాలుగేళ్ళకి అన్న తిరిగొచ్చాడు. తన పేరుతో తమ్ముడు డ్యూటీకి వెళ్ళొస్తున్నాడు, ఆ పేరుతో పెళ్ళాడాడు, ఆ పేరు కింద ఒక కొడుకు కూడా ఉన్నాడు. తాత కాళ్ళమీద పడ్డాడట. బయటపడితే ఉద్యోగం పోయి జైలుకెళ్తానన్నాడట.

“ఉంచీసుకో అన్నాడట్రా నాన్నా,” అంది మేనత్త. “ఏటీ అడగలేదు. ఏడాదికోపాలి వచ్చి పిల్లల్ని సూసుకుంటానన్నాడు. అదొక్కటే అడిగినాడు.”

ఆ తరవాత భీమిలి అవతల ఉప్పుమళ్ళలో కూలిపని చేసుకుని బతికాడు. పెళ్ళి లేదు, పిల్లలు లేరు. అక్కడ ఏ పేరు చెప్పుకున్నాడో వీళ్ళెవరికీ తెలియదు. ఎవరూ అడగలేదు.

మరి నాకు ఆ పేరెందుకు పెట్టారని అడిగాను. నా గొంతు నాకే కటువుగా వినిపించింది.

“మా అమ్మ వద్దంది. ఎవుళిదో పేరు గుంటడికి తగిలించకండర్రా అని ఏడిసింది. తాత పేరు పెట్టకపోతే ఊరికేటి సెప్తామన్నాడు మీ నాన్న.”

ఊరికేం చెప్తాం! నా పాస్‌పోర్టు మీద, నా డిగ్రీ మీద, ఖతర్ గుర్తింపు కార్డు మీద, నా కొడుకు పేరు పక్కన ఉన్నది ఊరికి చెప్పడానికి వాడుకున్న పేరన్నమాట. నేను ఫోన్ పెట్టేసి హాల్లో అటూ ఇటూ తిరిగాను. తిరుగుతూంటే అన్నిటికంటే పెద్దది అప్పుడు గుర్తొచ్చింది.

తాత పోయినప్పుడు నాకు పన్నెండేళ్ళు. పదోరోజు కర్మ సముద్రపు ఒడ్డున చేశారు. ఆ ముసలాయన కూడా వచ్చాడు. అందరికీ ఎడంగా ఇసుకలో, సముద్రం వైపు మొహం పెట్టి కూర్చున్నాడు. పురోహితుడు గోత్రం చెప్పి, పోయినవాడి పేరు పిలిచి, ఆ ప్రేతానికి నువ్వులనీళ్ళు వదలమన్నాడు. నాన్న వదిలాడు. మళ్ళీ పేరు, మళ్ళీ నీళ్ళు. ఆ పేరు వినిపించిన ప్రతిసారీ ముసలాయన భుజాలు కదలడం నేను చూశాను. ఏడుస్తున్నాడనుకున్నాను. పిండం పెట్టేటప్పుడు ఆయన లేచి, ఇసుక దులుపుకుని, ఎవరితోనూ చెప్పకుండా నడిచి వెళ్ళిపోయాడు. భోజనానికి ఆగలేదు. ఆ తరవాత మా ఇంటికి ఇక రాలేదు.

బతికున్న మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, అతని పేరుతో చావు నీళ్ళు వదిలారు. వదిలింది మా నాన్న. తెలిసి వదిలాడు. ఆ తరవాత ప్రతి మహాలయ అమావాస్యకీ అదే పేరుతో తర్పణం వదిలాడు. ఆయన పోయాక ఆ పని నేను అందుకుని, ఆరేళ్ళుగా దోహాలో కూర్చుని భక్తిగా వదులుతున్నాను. తాత పోయిన రెండేళ్ళకి ముసలాయన కూడా పోయినట్టు ఉప్పుమళ్ళ నుంచి కబురొస్తే, ఆయనకి చేయవలసినవన్నీ అప్పుడే చేసేశాం కదా అన్నాడట నాన్న. మేనత్త ఈ మాట మర్నాడు మళ్ళీ ఫోన్ చేసి మరీ చెప్పింది. దాచుకోలేకపోయిందో, అన్న మీద ఆవిడకీ కోపమే ఉందో నాకు తెలియదు.

స్కాట్లాండ్ పెద్దాయన రోజూ అడిగేవాడు, రికార్డు వచ్చిందా అని. దొరకలేదట, యుద్ధకాలపు కాగితాలు చాలా పోయాయట అని చెప్పాను. ఎంత సులువుగా వచ్చిందో ఆ అబద్ధం! చెప్పాక సిగ్గేసింది, నేనూ ఆ ఇంటివాణ్ణేనని.

ఎవరితోనైనా కక్కేయకపోతే ఉండలేననిపించింది. మా సైటు ఫోర్‌మన్ జగిత్యాల వైపువాడు, నాకంటే పెద్దవాడు, పదకొండేళ్ళుగా కలిసి పనిచేశాం. టోర్నమెంటుకి ముందు సైట్లు మూసేస్తున్నారు, అతన్ని కూడా ఇంటికి పంపేస్తున్నారు. వెళ్ళేముందు అల్ ముంతజాలో చాయ్ తాగుదామని పిలిచాడు. అక్కడ కూర్చుని మొత్తం చెప్పాను. దొంగలు సార్ అంటాడని ఎదురుచూశాను. అతను కప్పు కింద పెట్టి నా వైపు చూడకుండా అన్నాడు.

“నేను గూడ మా అన్న పేరు మీదనే ఉన్న సార్. మీరు నన్ను పిలిచే పేరు మా అన్నది.”

అన్న పదోతరగతి పాసయ్యాడు, ఇతను ఎనిమిదిలో ఆగిపోయాడు. పదో తరగతి కాగితం ఉంటే గల్ఫుకి పాస్‌పోర్టు సులువు. ఇంట్లో పెద్దవాళ్ళే అన్న కాగితం తమ్ముడి చేతిలో పెట్టారట. మా దిక్కు చానామంది గిట్లనే వచ్చిండ్రు, దుబాయ్ వొయ్యేటోనికి ఏ పేరైతే ఏందని అనుకున్నరు అన్నాడు. తరవాత అన్న కూడా రావాలనుకుంటే, ఒక పేరు మీద రెండు పాస్‌పోర్టులు ఎలా ఇస్తారు? ఆయన ఊళ్ళోనే బీడీ ఆకు కోసుకుంటూ ఉండిపోయాడు.

నాకు అతని మీద కూడా కోపం వచ్చింది. మరి మీ అన్న ఏమీ అనలేదా అన్నాను, తగువుకి వెళ్ళినట్టు.

“ఏమనలె సార్. ఏమన్న అంటె మంచిగుండు,” అన్నాడు. కప్పు పక్కకి నెట్టి, “నేను గూడ అడగలె. పద్దెనిమిదేండ్లాయె” అన్నాడు.

అతని కళ్ళు తడిగా ఉన్నాయి. మా తాత కళ్ళు ఎప్పుడైనా అలా ఉన్నాయా అని వెతుక్కున్నాను. పడక్కుర్చీ, చైనా కథ, మా నోళ్ళు తెరుచుకుని ఉండటం, ఆయన మురిసిపోవడం, అంతే గుర్తొచ్చింది. అన్న పేరు తీసుకున్నాడు, సరే, ఆకలి అనుకుందాం. అన్న చలినీ, అన్న నదినీ కూడా తీసుకుని మనవల ముందు తనవని చెప్పుకోవడానికి ఏ ఆకలి వేసింది? దానికి మాత్రం నేను ఇవాళ్టికీ ఆయన్ని క్షమించలేదు.

ఆ ఏడు మహాలయ అమావాస్య టోర్నమెంటుకి రెండు నెలల ముందు వచ్చింది. డ్యూటీకి ముందే, పొద్దున్న ఆరింటికి, విశాఖలో మా పురోహితుడు ఫోన్లో మంత్రం చెబుతాడు, నేను ఇక్కడ చేస్తాను. హాల్లో పీట వేసుకుని, దక్షిణానికి తిరిగి, ఇత్తడి పళ్ళెం, నువ్వులు, దర్భలు, చెంబుతో నీళ్ళు పెట్టుకుని కూర్చున్నాను. గోడమీద ఫ్రేము ఉన్నచోట తెల్లగా నలుచదరపు మచ్చ మిగిలింది. తాతకి ఈసారి నీళ్ళు లేకుండా చేసేద్దామా అని ముందురోజంతా అనుకున్నాను. మేనత్తనడిగి ఆయన అసలు పేరు మాత్రం కాగితం మీద రాసుకున్నాను.

నాన్న పేరు చెప్పి నీళ్ళు వదిలాను. కోపంతోనే వదిలాను. తరవాత పురోహితుడు అలవాటుగా తాత పేరు అందుకోబోతే ఆపాను. ఆ పేరు కాదండీ అని కాగితంలో ఉన్నది చదివాను. ఆయన తడబడ్డాడు.

“అదేమిటి బాబూ, మీ నాన్నగారు అన్నేళ్ళూ ఇంకో పేరు చెప్పారే?”

“తప్పు చెప్పారండీ,” అన్నాను.

ఆయన కొత్త పేరుతో మంత్రం అందుకున్నాడు. పోయి ముప్పై మూడేళ్ళయ్యాక మా తాతకి తన సొంత పేరు మీద మొదటిసారి నీళ్ళు అందాయి. జాలితో ఇవ్వలేదు. ఇంకొకరి పేరు మీద ఆయన్ని ఇక తాగనివ్వడం ఇష్టం లేక ఇచ్చాను.

ముత్తాతా, అమ్మవైపు వాళ్ళూ అయ్యాక, పిల్లలు లేకుండా పోయిన చుట్టాల్ని చెప్పుకునే వంతు వచ్చింది. అక్కడ మా ఇంట్లో ఎన్నడూ ఎవరినీ చెప్పలేదు. ఒకరున్నారండీ, తాతగారి అన్నగారు అన్నాను. పేరు చెప్పండి అన్నాడాయన. పోయినవాళ్ళ వరసలో నా పేరు నేనే చెప్పాలి. ఎలాగో చెప్పాను. ఫోన్లో గరగరమంది.

“వినపడలేదు బాబూ, ఇంకోసారి చెప్పండి.”

గోడకానుకుని, చెవి నా వైపు తిప్పి కూర్చున్న మనిషి కళ్ళముందుకొచ్చాడు. మరిచిపోయి అడిగేవాడు కాదు ఆయన. ఆ పేరుతో తనని పిలిచేవాళ్ళు ఈ భూమ్మీద ఎవరూ లేక, ఏడాదికోసారి, ఒక పిల్లవాడి నోటినుంచి వినడానికి భీమిలి అవతలినుంచి నడిచి వచ్చేవాడు. నేను నవ్వుకునేవాణ్ణి.

ఇంకోసారి చెప్పాను. పక్కగదిలోంచి మా ఆవిడ లేచి వచ్చేంత గట్టిగా చెప్పి, దోసిట్లో నీళ్ళు వదిలాను.